కొత్త చేప మూడో రోజే ఎందుకు చనిపోతుంది?

మా ఇంటి ముందుగదిలో గాజుతొట్టె అమర్చుకొని నాలుగేళ్లు కావస్తున్నది. మూడడుగుల పొడవు, సుమారు 150 లీటర్ల నీరు. అందులో ఉన్నది మంచినీరు కాదు, ఉప్పునీరు. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదులో, రెండో అంతస్తు అద్దె ఇంట్లో, సముద్రపు చేపలను పెంచాలనుకోవడం తగునా అని మమ్మల్ని అడిగినవారు చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర నేటికీ గట్టి సమాధానం లేదు. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను మా పిల్లలు ఒక సినిమాలో చూశారు. రెండు రంజాన్ పండుగల ఈదీ డబ్బులు దాచుకొని తెచ్చి మా ముందు పెట్టారు. కాదనలేకపోయాము.

తొట్టె గురువారం వచ్చింది. శుక్రవారం సాయంత్రం అక్వేరియం ఉప్పు కలిపిన నీటిని నింపాము. శనివారం రెండు క్లౌన్ చేపలను, ఒక చిన్న నీలిరంగు డామ్సెల్ చేపను తెచ్చి వదిలాము. ఆ రాత్రి పిల్లలు భోజనం కూడా తొట్టె ముందే చేశారు. సోమవారం ఉదయం బడికి సిద్ధమవుతుండగా మా పెద్దమ్మాయి వచ్చి, ఒక చేప అడుగున పక్కకు ఒరిగి ఉన్నదని చెప్పింది. మొప్పలు వేగంగా కదులుతున్నాయి. చూస్తుండగానే ఆ కదలిక ఆగిపోయింది. రెండో క్లౌన్ చేప బుధవారం పోయింది.

"నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా అబ్బూ, మరెందుకు చచ్చిపోయింది?" అని ఆ పిల్ల అడిగింది. నిజమే, నీరు అద్దంలా ఉంది. దుకాణంలో చెబితే, కొత్త చేపలు కొన్ని పోతూనే ఉంటాయని, మరో రెండు తీసుకువెళ్లమని సలహా ఇచ్చారు. పక్కింటి పెద్దామె నజర్ తగిలిందన్నది. బంధువులలో ఒకరు మేత ఎక్కువైందన్నారు, మరొకరు తక్కువైందన్నారు. ఎవరూ నీటిని పరీక్షించలేదు. మేమూ పరీక్షించలేదు. ఈ వ్యాసం ఆ పిల్ల ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన జవాబు. ఆ జవాబు కోసం ఇంకా కొన్ని చేపల ప్రాణాలు పోయాయని ముందే ఒప్పుకుంటున్నాము.

మొదటి కారణం కంటికి కనబడనిది. చేప తన ఒంటిలోని వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిపోయిన మేత కుళ్లినా అదే అమ్మోనియా పుడుతుంది. సముద్రంలో అది క్షణంలో కలిసిపోతుంది. 150 లీటర్ల తొట్టెలో ఎక్కడికి పోతుంది? అది చేప మొప్పలనే కాల్చివేస్తుంది. చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తుంది, చివరికి అడుగున ఒరిగిపోతుంది. నీటికి రంగు మారదు, చెప్పుకోదగ్గ వాసనా రాదు. మా చేపలు పోయిన వారం తరువాత కొన్ని వందల రూపాయలు పెట్టి పరీక్షా కిట్టు కొన్నాము. చిన్న గాజుగొట్టంలో పసుపుపచ్చగా నిలవవలసిన నీరు ముదురు ఆకుపచ్చగా మారింది. జవాబు మొదటి రోజు నుంచీ మా కళ్ల ముందే ఉన్నది, మేము అడగలేదు.

ఈ విషాన్ని హరించేవి బాక్టీరియాలు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరొక జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు, కొంత నీరు మార్చినప్పుడు తగ్గిపోతుంది. ఈ బాక్టీరియాలు నీటిలో తేలుతూ ఉండవు. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులోని స్పాంజి మీద అంటుకొని పెరుగుతాయి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టెలో అవి తగినంతగా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే మేము గురువారం కొన్న తొట్టెలోకి చేప రావలసింది శనివారం కాదు, ఆ తరువాతి నెలలో. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి, అది కుళ్లి అమ్మోనియా పెరగడాన్ని, తరువాత నైట్రైట్ పెరగడాన్ని, చివరికి రెండూ సున్నాకు దిగడాన్ని కిట్టుతో చూడాలి. చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె నుంచి ఒక స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు కొంత తగ్గుతుంది. మంచినీటి చేపలు పెంచేవారు నైట్రైట్‌కు చాలా భయపడతారు. సముద్రపు నీటిలోని క్లోరైడ్ దాని చేటును చాలావరకు అడ్డుకుంటుంది కనుక ఇక్కడ అసలు శత్రువు అమ్మోనియాయే.

కొందరు అమ్మకందారులు మొండిగా బతికే డామ్సెల్ చేపను ముందు వదిలి, దాని వ్యర్థంతోనే బాక్టీరియాలను పెంచమంటారు. ఒక ప్రాణిని విషంలో ఉంచి చేసే ఈ పని మాకు నచ్చదు. చిటికెడు మేతతో జరిగేదానికి ఒక చేపను బలిపెట్టడం దేనికి? మా నీలిచేప అలాగే బతికి బయటపడింది. దానిని దుకాణానికే తిరిగి ఇచ్చివేశాము.

రెండో కారణం దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉంటుంది. అసలు ఆ దారి దుకాణం దగ్గర మొదలు కాదు. సముద్రంలో పట్టిన చేప జాలరి చేతి నుంచి ఎగుమతిదారుకు, అక్కడి నుంచి దిగుమతిదారుకు, టోకు వ్యాపారికి, చివరికి మన ఊరి దుకాణానికి చేరుతుంది. ప్రతి మజిలీలోనూ ఒక ప్లాస్టిక్ సంచి. సంచిలో నీరు పాడుకాకుండా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే మేత మానిపిస్తారు. మన చేతికి వచ్చేసరికి అది ఆకలితో, బెదురుతో, అలసటతో ఉంటుంది.

సంచిలో జరిగేది ఇది. చేప శ్వాసతో కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది, నీటి పీహెచ్ పడిపోతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. దూరప్రయాణం చేసిన సంచిలో అది 7 దరిదాపులకు దిగుతుంది. అమ్మోనియా కూడా పోగవుతుంది గాని, పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అందులో అధికభాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలోని విషభాగం దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి పది గంటలు మూసి ఉన్న సంచిని విప్పి, మరో రెండు గంటలపాటు తొట్టెనీటిని చుక్కచుక్కగా అందులోకి పోస్తూ ఉంటే, మేలు చేస్తున్నామనుకుంటూనే చేపను దాని సొంత విషంలో నానబెట్టినట్లవుతుంది. ఊళ్లోని దుకాణం నుంచి అరగంటలో తెచ్చినదైతే ఈ భయం అంతగా లేదు. దూరం నుంచి వచ్చినదైతే మూతి విప్పకుండా సంచిని పదిహేను ఇరవై నిమిషాలు తొట్టెలో తేలనిచ్చి, నీటివేడి సమానం కాగానే విప్పి, ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే కొత్త నీటిలోకి మార్చాలి. సంచిలోని నీటిని తొట్టెలో పోయకూడదు.

ఇలా త్వరగా మార్చాలంటే రెండు నీళ్ల ఉప్పదనం ఒకటిగా ఉండాలి. మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచినది ఇదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప రక్తంలో ఉప్పు అందులో మూడో వంతు మాత్రమే. అందువల్ల చుట్టూ నీరే ఉన్నా, సముద్రపు చేప ఒంటిలోని నీరు నిరంతరం బయటకు పోతూ ఉంటుంది. నీటి మధ్యలో ఉండి దాహంతో ఉండే జీవి అది. ఎడతెగకుండా సముద్రపు నీరు తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటకు నెడుతుంది. ఆ పనికి శక్తి కావాలి. ఆకలితో, అలసటతో వచ్చిన చేపను ఒక్కసారిగా మరింత ఉప్పగా ఉన్న నీటిలోకి వదిలితే అది లోలోపల ఎండిపోతుంది. తక్కువ ఉప్పదనంలోకి దిగడాన్ని చాలా చేపలు తట్టుకుంటాయి, ఎక్కువలోకి ఎక్కడం మాత్రం ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

కొన్ని దుకాణాలు ఉప్పు ఖర్చు తగ్గించుకోవడానికి, పరాన్నజీవులను అదుపులో ఉంచడానికి నీటిని పలుచగా ఉంచుతాయి. అక్కడి నీటి సాంద్రత 1.018 ఉండవచ్చు, మన తొట్టెలో 1.025 ఉండవచ్చు. రెండు అంకెలూ చూడకుండా వదిలేవాడికి ఆ తేడా కనబడదు. కొనేటప్పుడే అక్కడి సాంద్రత అడగాలి. కొత్త చేపను ఉంచే నీటిని ముందు ఆ అంకెకు సరిచేసి, ఆపైన రోజుకు 0.001 చొప్పున నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. కొలవడానికి మేము మొదట ప్లాస్టిక్ హైడ్రోమీటరు వాడాము. దాని ముల్లుకు ఒక గాలిబుడగ అంటుకున్నా లెక్క మారిపోతుంది. రిఫ్రాక్టోమీటరు కొన్నాకగాని మా నీరు ఎంత ఉప్పగా ఉన్నదో మాకు తెలియలేదు. మే నెల ఎండలకు తొట్టెలో నీరు అంగుళం మేర ఆవిరైతే, ఆ లోటును మేము ఉప్పునీటితోనే పూడ్చేవాళ్లం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. పూడ్చవలసింది ఉప్పులేని ఆర్‌.ఓ. నీటితో. ఇంత చిన్న సంగతి మాకు రెండు వేసవులు తట్టలేదు.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్న పాఠకులు, మా ఇంటి పక్కనే సముద్రం ఉన్నది, ఈ బాధలన్నీ మాకెందుకు అనుకోవచ్చు. తీరానికి దగ్గరి నీటిలో ఊరి మురుగు, పడవల నూనె కలుస్తాయి. వరదల కాలంలో నదులు తెచ్చే మంచినీటితో బంగాళాఖాతపు తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. బిందెతో ముంచుకొచ్చినంత మాత్రాన అది పగడపు దిబ్బల నీరు కాదు. ఇక వంటింటి ఉప్పు కలిపి సరిపెట్టుకోవాలనుకునేవారికి ఒక్కమాట. అందులో ఉన్నది సోడియం క్లోరైడ్ మాత్రమే. సముద్రంలోని మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్లు అందులో దొరకవు.

మొదటి చేపలు పోయిన తరువాత మేము ఏడు వారాలు ఆగాము. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. సాంద్రత సరిచూసుకొని మూడు చేపలను తెచ్చాము. పది రోజులు చక్కగా తిన్నాయి, ఈదాయి. ఇక అంతా తెలిసినట్లే అనుకున్నాము. పదకొండో రోజున ఒకదాని రెక్కల మీద ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించాయి. పదిహేనో రోజుకు అవి మాయమయ్యాయి. మేము సంతోషించాము, బంధువులకు ఫోను చేసి చెప్పాము కూడా. ఇరవై నాలుగో రోజున మూడు చేపల ఒళ్లంతా చుక్కలే. ఆ వారం గడిచేసరికి తొట్టె ఖాళీ.

ఆ చుక్కలు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి పని. చుక్కలు పోతే జబ్బు తగ్గిందని మా వంటివారు నమ్మడమే దాని బలం. అది చేప చర్మంలో, మొప్పల్లో దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. కడుపు నిండాక తనంతట తానే రాలిపోతుంది. చుక్కలు మాయమయ్యేది అప్పుడే. రాలినది ఇసుకకో రాయికో అంటుకొని గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకు లోపల అది వందలుగా చీలుతుంది. కొన్ని పెంకులు కొద్ది రోజుల్లోనే పగులుతాయి, కొన్ని వారాల తరబడి అలాగే పడి ఉంటాయి. బయటపడిన పిల్లజీవులు ఒకటి రెండు రోజుల్లో చేపను అందుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. విశాలమైన సముద్రంలో వాటిలో ఎక్కువభాగానికి చేప దొరకదు. మూడడుగుల తొట్టెలో చేప ఎక్కడికి పారిపోగలదు? సముద్రంలో నలుసుగా ఉండే తెగులు తొట్టెలో మహమ్మారి కావడానికి కారణం అదే. వెల్వెట్ అని పిలిచే మరొక వ్యాధి ఇంతకన్నా వేగవంతమైనది. సన్నని బంగారు ధూళి చల్లినట్లు కనబడుతుంది, ఒక్కోసారి అదీ కనబడకముందే రెండు మూడు రోజుల్లో చేపను చంపుతుంది.

వీటికి మందు లేకపోలేదు. రాగితో చేసిన మందు పనిచేస్తుంది, అయితే దాని మోతాదును కిట్టుతో రోజూ కొలుస్తూ ఉండాలి. తక్కువైతే పరాన్నజీవి చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. పైగా అది రొయ్యలను, నత్తలను, పగడపు జాతులను చంపుతుంది, రాళ్లలోకి ఇంకిపోతుంది. అందువల్ల దానిని పెద్ద తొట్టెలో వేయరాదు. చేప విడిగా ఉన్నప్పుడే వేయాలి.

అందుకే వేరు తొట్టె కావాలి. చాలామంది వినడానికి ఇష్టపడని మాట ఇది. మొదట్లో మేమూ ఇష్టపడలేదు, ఒక తొట్టెకే చోటు లేని ఇంట్లో రెండోదెక్కడ? చివరికి వంటింటి గట్టు చివర 50 లీటర్ల పాత తొట్టెకు చోటు దొరికింది. అందులో ఇసుక లేదు, రాళ్లు లేవు. దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, పెద్ద తొట్టెలో కొన్ని వారాలు నానబెట్టి తెచ్చిన స్పాంజి ఫిల్టరు, పైన గుడ్డ కప్పు. కొత్తగా వచ్చిన ప్రతి చేప అక్కడ కనీసం నాలుగు వారాలు ఉంటుంది. ఉప్పదనం సరిచేసేది అక్కడే, మేత అలవాటు చేసేది అక్కడే, చుక్కలు బయటపడితే మందు వేసేదీ అక్కడే. ఈలోగా పెద్ద తొట్టెను పదకొండు వారాలు చేపలు లేకుండా ఉంచాము. ఇసుకలో మిగిలిన పెంకులు పగిలి, చేప దొరకక, ఆ తెగులు తనంతట తానే అంతరించేదాకా ఆగడమే మేము చేసిన పని. ఖాళీ తొట్టెలో దీపాలెందుకని ఇంటికి వచ్చినవారు నవ్వారు.

నీరు బాగుండి, తెగులు లేకుండా ఉండి కూడా చనిపోయే చేపలున్నాయి. వాటి మరణం దుకాణంలోనే, మనం వేలు చూపించి ఎంచుకున్న క్షణంలోనే నిర్ణయమవుతుంది. మాండరిన్ చేప ఒంటి మీది నీలి, నారింజ గీతలు చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. అది తినేది రాళ్ల మీద పాకే కంటికి ఆనని సజీవ కోపెపాడ్లను. కొత్త చిన్న తొట్టెలో అవి కొద్ది రోజుల్లోనే అయిపోతాయి, ఆ తరువాత చేప వారాల తరబడి చిక్కి చనిపోతుంది. సీతాకోకచిలుక చేపలలో కొన్ని జాతులు పగడపు జీవులను తప్ప మరొకటి ముట్టవు. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకు తినే క్లీనర్ రాస్ చేప కూడా తొట్టెలో ఎక్కువకాలం నిలిచేది అరుదు. కొనేముందు దుకాణదారును మా ఎదుటే మేత వేయమని అడగడం మేము నేర్చుకున్న మంచి అలవాటు. తినని చేపను ఎంత అందంగా ఉన్నా తెచ్చుకోము.

ఫిలిప్పీన్స్ తీరాలలో 1960ల నుంచి, తరువాత ఇండోనేషియా తీరాలలోనూ మరొక దుర్మార్గం సాగింది. పగడపు సందులలోకి సయనైడు ద్రావణం చిమ్మి, మత్తెక్కి తేలిన చేపలను పట్టేవారు. చట్టాలు నిషేధించినా ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. అలా పట్టిన చేప దుకాణంలో నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి అవయవాలు దెబ్బతిని ఉంటాయి. కొన్నవాడి ఇంట్లో కొన్ని రోజులకో వారాలకో చనిపోతుంది, కొన్నవాడు తన తప్పేమిటో తెలియక బాధపడతాడు. కంటితో చూసి దీనిని కనిపెట్టే మార్గం లేదు. తొట్టెలో పుట్టి పెరిగిన చేపలను కొనడమే దారి. మన దేశంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపల పెంపకాన్ని సాధించింది. హేచరీ చేపకు గుళికల మేత పుట్టుకతోనే అలవాటు, గాజుగోడలు కొత్త కాదు. సముద్రపు గుర్రాలు, సజీవ పగడాలు మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. ఎవరైనా చాటుగా అమ్మజూపినా తాకకపోవడమే క్షేమం.

మిగిలినవి వేగంగా చెబుతాము. పాతచేపలు కొత్తదాన్ని తరుముతాయి, డామ్సెల్ జాతి మరీ ఎక్కువగా. వదిలే రోజున దీపాలార్పి, రాళ్లను కాస్త అటూ ఇటూ జరిపితే పాతవాటి హద్దులు చెదిరిపోయి కొత్తదానికి ఊపిరి దొరుకుతుంది. ఒకేసారి నాలుగైదు చేపలను తేకూడదు, బాక్టీరియాలకు అంత భారం మోసే బలం అప్పటికి ఉండదు. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 7 లోపే కరుగుతుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. అందువల్ల కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్‌పంపు కొత్త చేపకన్నా ముందు కొనవలసిన వస్తువు.

ఇప్పుడు మా తొట్టెలో హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలున్నాయి, మూడో ఏడు నడుస్తున్నది. ఈ జాతి మనుషుల సంరక్షణలో ఇరవై ఏళ్లకు పైగా బతికిన సందర్భాలున్నాయి. అంటే మా పిల్లల పెళ్లిళ్లయ్యేదాకా ఇవి మా బాధ్యతే. మూడో చేప కావాలని చిన్నవాడు అడుగుతూనే ఉన్నాడు. వంటింటి గట్టు మీది తొట్టెలో స్పాంజి ఫిల్టరు తిరుగుతున్నది, నీరు నిండి ఉన్నది, చేప ఇంకా రాలేదు. ఆనాడు ప్రశ్న అడిగిన మా పెద్దమ్మాయి ప్రతి శుక్రవారం సాయంత్రం కిట్టు ముందేసుకొని కూర్చుంటుంది. తేటగా ఉన్న నీటిని నమ్మడం ఆమె మానేసి చాలాకాలమైంది. నిన్న తన నోటుపుస్తకంలో రాసుకున్నది: సాంద్రత 1.025, వేడి 26, పీహెచ్ 8.1, అమ్మోనియా 0. కింద మరో వరుస: వంటింటి తొట్టె, అమ్మోనియా కొంచెం ఆకుపచ్చ, ఇంకో వారం ఆగాలి.